నాలుగు ట్రాకుల పాట

ఆల్బమ్ విడుదలైన ఐదు నెలలకే అవే పాటల డెమోలను ఇంకో ఆల్బమ్‌గా అమ్మడం అంటే వినడానికి మోసంలాగే ఉంటుంది. ల్యాబ్ రికార్డు సబ్మిట్ చేసి మార్కులు వేయించుకున్నాక, అబ్జర్వేషన్ బుక్కు కూడా పట్టుకెళ్ళి దీనికీ మార్కులు వేయండి సార్ అన్నట్టు. 1993లో పీజే హార్వీ చేసింది సరిగ్గా అదే. మే నెలలో 'రిడ్ ఆఫ్ మీ' వచ్చింది. అక్టోబర్‌లో 'ఫోర్-ట్రాక్ డెమోస్' వచ్చింది. ఈ రెండోదాంట్లో పద్నాలుగు పాటలుంటే, ఎనిమిది మొదటిదాంట్లో ఉన్నవే. ఇంట్లో ఒక్కతే కూర్చుని నాలుగు ట్రాకుల రికార్డర్ మీద పాడి దాచుకున్నవి. మిగతా ఆరూ అప్పటిదాకా ఏ ఆల్బమ్‌లోనూ లేనివి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవచ్చు. ఆ డెమోల ఆల్బమ్ అసలు ఆల్బమ్‌కి చిత్తుప్రతి కాదు. ఎక్కడ చేయి ఆపాలో తెలిసిన మనిషి పూర్తి చేసిన పని అది. మన హాస్టల్ గదుల్లో పాటలు కట్టుకునేవాళ్ళు దాన్ని తప్పకుండా వినాలి. విని ఆమెలా పాడమని కాదు. ఆమెకు లేని సౌకర్యాలన్నీ మనకున్నాయి, అయినా మన పాటలు పూర్తి కావట్లేదు. ఎందుకో ఆ ఆల్బమ్ వింటే తెలుస్తుంది.

పేరు కొత్తగా వింటున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. పాలీ జీన్ హార్వీ 1969లో పుట్టింది. ఇంగ్లండ్‌లో డోర్సెట్ ప్రాంతంలో కార్స్‌కూంబ్ అనే పల్లెటూళ్ళో పెరిగింది. వాళ్ళమ్మ శిల్పి. గిటార్, గొంతు ఈమెవి. డ్రమ్స్ రాబ్ ఎల్లిస్, బేస్ స్టీవ్ వాన్. ఈ ముగ్గురి బ్యాండ్ మొదటి ఆల్బమ్ 'డ్రై' 1992లో టూ ప్యూర్ అనే చిన్న ఇండీ లేబుల్ మీద వచ్చింది. నిర్వాణా కర్ట్ కోబెయిన్ తనకిష్టమైన ఆల్బమ్స్ జాబితాలో రాసుకున్నది దాన్నే. ఆ తర్వాత ఐలాండ్ అనే పెద్ద కంపెనీ ఆమెను తీసుకుంది. 1992 డిసెంబర్‌లో ముగ్గురూ అమెరికా వెళ్ళి, మిన్నెసోటాలోని ప్యాకిడెర్మ్ స్టూడియోలో స్టీవ్ ఆల్బీనీ దగ్గర 'రిడ్ ఆఫ్ మీ' రికార్డు చేశారు. రెండు నెలల తర్వాత నిర్వాణా కూడా అదే స్టూడియోకి, అదే మనిషి దగ్గరికి, 'ఇన్ యూటెరో' కోసం వెళ్ళింది.

ఈ ఆల్బీనీ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా వాదన నిలబడదు. ఆయన తనను ప్రొడ్యూసర్ అని పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు. రికార్డింగ్ ఇంజినీర్‌ని అనేవాడు (మన బ్రాంచి వాడే అనుకోండి). రాయల్టీలో వాటా తీసుకునేవాడు కాదు. బ్యాండ్‌ని ఒక గదిలో పెట్టి, మైకులు జాగ్రత్తగా అమర్చి, ఆ గది ఎలా మోగుతోందో అలాగే పట్టుకోవడం ఆయన పద్ధతి. అంటే 'రిడ్ ఆఫ్ మీ' పాలిష్ పట్టిన ఆల్బమ్ ఏమీ కాదు. అది కూడా గరుకే. కాబట్టి "డెమోలో ఉన్న నిజాయితీని స్టూడియో చంపేసింది" అనే మామూలు డైలాగు ఇక్కడ పనిచేయదు. రెండూ ముడిగానే ఉన్నాయి. మరి తేడా ఎక్కడ?

మొదటి పాటనే తీసుకుందాం. ఆల్బమ్ పేరే దాని పేరు. వదిలేసి వెళ్ళిపోతున్న మనిషిని వదలనంటున్న గొంతు అది. బతిమాలుతోందో బెదిరిస్తోందో తేల్చుకోలేం. ఆల్బమ్ వెర్షన్ ఎంత మెల్లగా మొదలవుతుందంటే, ఇయర్‌ఫోన్స్‌లో ఏదో పోయిందనుకుని వాల్యూమ్ పెంచుతాం. అప్పుడు డ్రమ్స్ వచ్చి మీద పడతాయి. కావాలని వేసిన ఉచ్చు అది, బాగుంటుంది కూడా. మధ్యలో ఒక సన్నటి కీచుగొంతు వెనకనుంచి పలుకుతుంది. అది డ్రమ్స్ వాయించే రాబ్ ఎల్లిస్‌ది.

డెమోలో ఆ కీచుగొంతూ ఆమెదే. ఇంకో ట్రాక్ మీద తనే పాడుకుంది. ఇంతే తేడా. కానీ ఒకసారి ఆలోచించండి. బ్యాండ్ వెర్షన్‌లో గదిలో ఇంకో మనిషి ఉన్నాడు. ఈమె మాటలకు వంత పాడుతున్నాడో, వెక్కిరిస్తున్నాడో, ఎవరో ఒకరు ఉన్నారు. డెమోలో ఎవరూ లేరు. అడిగేదీ ఆమె, లోపలినుంచి ఆ అడగడాన్ని ఎగదోసేదీ ఆమె. ఒకే మనిషి రెండుగా చీలి కూర్చుంది. ఎదురుగా ఎవరైనా ఉన్నారో లేదో, వెళ్ళిపోవాల్సినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడేమో కూడా మనకు తెలియదు. నాకైతే రాత్రి పూట ఆల్బమ్ వెర్షన్ కన్నా ఇదే ఎక్కువ భయం వేస్తుంది.

ఇప్పుడు కొంచెం ఇంజినీరింగ్. భయపడకండి, ఎక్స్‌టర్నల్ లేరు.

మామూలు ఆడియో క్యాసెట్‌లో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులోనే నాలుగు సన్నటి బాటలుంటాయి. ఏ సైడుకు ఎడమ, కుడి కలిపి రెండు. బీ సైడుకు రెండు. మన అమ్మానాన్నలు క్యాసెట్ తిప్పిపెట్టేవాళ్ళంటే, మిగతా రెండు బాటల మీదికి వెళ్ళేవాళ్ళన్నమాట. 1979లో టియాక్ కంపెనీ 'పోర్టాస్టూడియో' మోడల్ 144 అని ఒక డబ్బా తెచ్చింది. అది చేసిన పని చాలా సింపుల్. నాలుగు బాటల్నీ ఒకే దిశలో, విడివిడిగా వాడుకోనిస్తుంది. క్వాలిటీ కోసం టేపుని రెట్టింపు వేగంతో తిప్పుతుంది. దాంతో 60 నిమిషాల క్యాసెట్ మీద 15 నిమిషాల సంగీతమే పడుతుంది. ఒక సైడే, అందులో సగమే. కానీ అప్పటిదాకా స్టూడియోకి డబ్బు కట్టి చేసుకోవాల్సిన పని వంటింటి బల్ల మీదికి వచ్చేసింది.

నాలుగు చాలకపోతే? బౌన్స్ అని ఒక ఉపాయం ఉంది. మూడు ట్రాకుల మీద గిటార్, గొంతు, ఇంకో గొంతు పెట్టి, మూడింటినీ కలిపి నాలుగోదాంట్లోకి పంపేస్తారు. అప్పుడా మూడూ చెరిపేసి మళ్ళీ వాడుకోవచ్చు. కాకపోతే కలిపింది మళ్ళీ విడదీయలేరు. పొద్దున్న లేచి గిటార్ ఎక్కువైందే అనుకున్నా చేసేదేమీ లేదు, పాలల్లో కలిసిన నీళ్ళే. పైగా బౌన్స్ చేసిన ప్రతిసారీ 'సుయ్' మనే టేపు మోత పెరుగుతుంది, పై ఫ్రీక్వెన్సీలు కొంచెం కొంచెంగా రాలిపోతాయి. కాబట్టి రెండో గొంతు కావాలా వద్దా, ఎంత కావాలి అన్నది మిక్సింగ్‌లో చూసుకుందాంలే అని వదిలేసే వీల్లేదు. అక్కడే, అప్పుడే తేల్చాలి.

డైనమిక్ రేంజ్ సంగతీ అంతే. 16 బిట్ సీడీకి లెక్కప్రకారం 96 డెసిబెల్స్. నాయిస్ రిడక్షన్ లేని మామూలు క్యాసెట్‌కి 50కి కొంచెం అటూ ఇటూ. మరీ మెల్లగా పాడితే సుయ్ మోత మింగేస్తుంది, మరీ గట్టిగా పాడితే పగిలిపోతుంది. ఆల్బీనీ వేసిన నిశ్శబ్దం, పిడుగు అనే ఉచ్చు ఇలాంటి రికార్డర్ మీద అంత బాగా పడదు. అందుకే డెమోలో కోపం వాల్యూమ్ పెరగడంలో వినపడదు, గొంతు బిగుసుకోవడంలో వినపడుతుంది. ఇలాంటి చోట్ల నాకు ఆ డబ్బా మీద గౌరవం కలుగుతుంది. ఒక దారి అది మూసేసింది, పాట ఇంకో దారి వెతుక్కుంది.

ఇలా ఇంట్లో చేసినవాళ్ళలో ఆమె మొదటిదేం కాదు. అందరూ చెప్పే కథ 'నెబ్రాస్కా'ది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇండీ కాదు, అప్పటికే పెద్ద స్టార్. 1982 జనవరిలో న్యూజెర్సీలో ఒక అద్దె ఇంట్లో, ఇందాక చెప్పిన మోడల్ 144 మీద, రెండు మైకులతో పాటలు రికార్డు చేసుకున్నాడు. బ్యాండ్‌కి నేర్పడానికి మాత్రమే. మిక్స్ చేసిన క్యాసెట్‌ని పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకుని వారాల తరబడి తిరిగాడు. తర్వాత స్టూడియోలో బ్యాండ్‌తో ప్రయత్నించారు, కుదరలేదు. చివరికి ఆ జేబులో క్యాసెట్‌నే ఎల్పీ రికార్డుగా మార్చడానికి ఇంజినీర్లు నానా తిప్పలూ పడ్డారు. అదే సెప్టెంబర్‌లో ఆల్బమ్‌గా వచ్చింది.

ఈ కథని అందరూ ఇక్కడ ఆపేస్తారు, చప్పట్లు కొడతారు. దీనికో తోక ఉంది. అదే క్యాసెట్ మీద 'బార్న్ ఇన్ ది యూఎస్ఏ' అనే పాట కూడా ఉంది. అది మాత్రం ఇంటి రికార్డింగ్‌లో నిలబడలేదు. బ్యాండ్ చేతిలో పడ్డాకే దానికి ప్రాణం వచ్చింది, 1984లో ఆల్బమ్‌కి పేరైంది. ఒకే గది, ఒకే డబ్బా, ఒకే మనిషి. ఒక పాటకి ఒంటరితనం కావాలి, ఇంకోదానికి గుంపు కావాలి. ఏ పాటకి ఏది కావాలో వినిపట్టుకునే చెవి ఉండటమే అసలు విషయం. హార్వీ దగ్గర కూడా ఇంతే. 'ఫిఫ్టీ ఫుట్ క్వీనీ' డెమో నాకు చప్పగా ఉంటుంది. ఎల్లిస్ డ్రమ్స్ లేకుండా ఆ పాట ఉత్త గొప్పలు చెప్పుకోవడం. డ్రమ్స్ పడ్డాక నిజంగానే యాభై అడుగులు ఎదుగుతుంది.

అందుకని "డెమో అంటేనే నిజం" అనే భక్తులతో నాకు పడదు. ఆ భక్తి ఎంతదాకా వెళ్ళిందంటే, శుభ్రంగా రికార్డయిన పాటకి టేపు మోత అంటించే ప్లగిన్లు అమ్ముతున్నారు, జనం కొంటున్నారు. హార్వీ ఆ మోతని అందం కోసం పెట్టుకోలేదు. వదిలించుకునే దారి లేక భరించింది. మనం డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నాం. కొత్త జీన్స్ మోకాళ్ళ దగ్గర చింపి అమ్మినట్టే ఉంది.

ఇంకో ఇద్దరి పేర్లు చెప్పి ముందుకెళ్తాను. ఎలియట్ స్మిత్ 'రోమన్ క్యాండిల్' (1994) పోర్ట్‌లాండ్‌లో ఒక ఇంటి నేలమాళిగలో నాలుగు ట్రాకుల మీద చేసింది. ఒకటో రెండో పాటలు విడుదల చేస్తారేమో అని ఇస్తే, చిన్న లేబుల్ వాళ్ళు మొత్తం అలాగే వేసేశారు. బాన్ ఇవేర్ మొదటి ఆల్బమ్ విస్కాన్సిన్ చలికాలంలో అడవిలోని ఒక క్యాబిన్‌లో రికార్డయింది. అవీ మొదట డెమోలే అనుకున్నాడు.

తెలుగులో ఇలాంటి అలవాటు మన చెవులకు ఎందుకు లేదంటే, మన పాటలో డెమో ఎప్పుడూ చెరిపేసే వస్తువే. సినిమా పాట ఎలా తయారవుతుందో మీకు తెలుసు. సంగీత దర్శకుడు 'తన్నానా' అంటూ ట్యూన్ ఇస్తాడు, లేదా నోటికొచ్చిన డమ్మీ మాటలు పెడతాడు. గీత రచయిత ఆ కొలతకి మాటలు కుడతాడు. ట్రాక్ సింగర్ వచ్చి పాడతారు. తర్వాత పేరున్న గాయకుడు అది విని పాడి వెళ్తారు, ట్రాక్ పోతుంది. ఆ మొదటి గొంతు ఎవరిదో, అందులో ఏముందో మనం ఎప్పటికీ వినం. ఎన్ని వందల ట్రాకులు అలా పోయి ఉంటాయో. సాహిత్యంలో మాత్రం మనం ఇలా లేం. పాఠాంతరం అని మనకో చక్కటి మాట ఉంది. వేమన పద్యాల ప్రతులు ఊరూరా తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూసి, 1829లో బ్రౌన్ అచ్చు వేయించాడు. ఏది అసలు, ఏది నకలు అని తేలకపోయినా రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి చదవడం మనకు వచ్చు. హార్వీ రెండు ఆల్బమ్‌లూ నాకు అలాగే కనిపిస్తాయి. ఒకే పాటకి రెండు పాఠాలు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన సంవత్సరం మన ఫెస్ట్‌లో ఒకటి జరిగింది.

మా జూనియర్ అమ్మాయి ఒక పాట కట్టింది. ఊరికి వెళ్ళే చివరి బస్సు తప్పిపోయిన రాత్రి గురించి. హాస్టల్ గదిలో, మే నెల ఎండల్లో, ఫ్యాన్ ఆపుకుని ఫోన్‌లో రికార్డు చేసింది. రెండే పొరలు. ఒకదాంట్లో పాట. రెండోదాంట్లో అదే గొంతు, చాలా కింది స్థాయిలో, తన ఊరిదాకా బస్సు ఆగే స్టాపుల పేర్లు వరసగా చదువుతూ ఉంటుంది. పాట అయిపోయాక కూడా ఇంకో రెండు ఊళ్ళ పేర్లు వినపడతాయి, తన ఊరి పేరు మాత్రం రాదు. ఆ అమ్మాయి పీజే హార్వీ పేరు కూడా వినలేదు. తనకు తోచింది చేసింది.

కమిటీ వెనక్కి పంపింది. "స్టూడియో క్వాలిటీ ఆడియో మాత్రమే" అని రూలు. కమిటీలో ఉన్నది మన ఫ్రెండ్సే, చెడ్డవాళ్ళేం కాదు. ఓపెన్ గ్రౌండ్‌లో పెద్ద స్పీకర్ల మీద ఫోన్ రికార్డింగ్ వేస్తే ఎలా ఉంటుందో అన్న వాళ్ళ భయంలోనూ అర్థముంది. ఆ అమ్మాయి టౌన్లో ఒక స్టూడియోకి వెళ్ళి నాలుగు వేలు కట్టి మళ్ళీ పాడింది. అక్కడి ఆయన తన పని తను శ్రద్ధగానే చేశాడు. కింద కీబోర్డు ప్యాడ్ పరిచాడు, గొంతుకి ఆటోట్యూన్ పెట్టాడు, రివర్బ్ పోశాడు. ఆ ఊళ్ళ పేర్లు మాత్రం తీసేశాడు. "వెనక ఏదో గొణుగుడు వస్తోందమ్మా, క్లారిటీ పోతోంది" అన్నాడట.

పాట సెలెక్ట్ అయింది. కన్సొలేషన్ ప్రైజు కూడా వచ్చింది. గ్రౌండ్‌లో విన్నవాళ్ళు బాగుందన్నారు, నిజంగానే బాగుంది. అలాంటివి యూట్యూబ్‌లో రోజుకి పాతిక వింటాం. మొదటి వెర్షన్ లాంటిది నేను ఇంకోటి వినలేదు. అది ఇప్పుడు ముగ్గురి ఫోన్లలో ఉంది, అందులో ఒకటి నాది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఇంకో పాట కట్టినట్టు లేదు. అడిగితే "చూద్దాం అన్నా, మంచి మైక్ కొన్నాక" అంటుంది.

ఆ మైక్ మాటే నన్ను ఈ వ్యాసం రాయించింది. ఎందుకంటే లెక్క వేసి చూస్తే ఆమె ఫోను ఆ పాత క్యాసెట్ డబ్బా కన్నా ఎంతో మెరుగైన రికార్డర్. టేపు మోత లేదు, బౌన్స్ చేస్తే అరిగిపోయేది లేదు, ట్రాకులు ఎన్ని కావాలంటే అన్ని, తప్పయితే అన్‌డూ. పరికరం కొరత 1982లో ఉందేమో కానీ మన దగ్గర లేదు. మన దగ్గర లేనిది, ఇది ఇంతే, ఇక ముట్టుకోను అనే ధైర్యం. మా వింగ్‌లో ఒకడి ల్యాప్‌టాప్‌లో ఒకే పాటకి ముప్పై రెండు ట్రాకుల ప్రాజెక్టు ఉంది. ఏడు రకాల వయొలిన్లు ఉన్నాయి అందులో. రెండేళ్ళయింది. ఏ వయొలిన్ ఉంచాలో వాడింకా తేల్చుకోలేదు, తేల్చుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. నాలుగే ట్రాకులుంటే సెకండ్ ఇయర్‌లోనే అయిపోయేది ఆ పాట.

హార్వీ 'డ్రై' డెమోలు కూడా ఇలాగే మొదట 1992లో ఆల్బమ్ మొదటి కాపీలతో పాటు ఇచ్చారు. విడిగా ఆల్బమ్‌గా రావడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు. అయినా వచ్చాయి, ఎందుకంటే ఎవరో ఆ టేపులు దాచారు. 'నెబ్రాస్కా'కి బ్యాండ్‌తో ప్రయత్నించి పక్కన పడేసినవి కూడా 2025లో బయటికి వచ్చాయి. మన హాస్టల్ డెమోలకి కంపెనీ గోదాములు లేవు. ఫోన్ మార్చినప్పుడో, స్టోరేజ్ ఫుల్ అన్నప్పుడో పోతాయి. ఫైనల్ ఇయర్ వాళ్ళు మే నెలలో వెళ్ళిపోతే వాళ్ళతో పాటే పోతాయి.

కాబట్టి మన క్లబ్ ఎడిటర్లకి ఒక విన్నపం పెట్టాను, వాళ్ళు "చూస్తాం" అన్నారు (ఈ క్యాంపస్‌లో చూస్తాం అంటే ఏంటో మీకూ తెలుసు, అయినా ఆశ). పత్రికలో కవితలకి, కథలకి ఉన్నట్టే ప్రతి సంచికలో రెండు మూడు డెమోలకి ఒక పేజీ ఇవ్వాలి. సొంతంగా కట్టిన తెలుగు పాట అయి ఉండాలి. నాలుగు ట్రాకులు దాటకూడదు. ఫోన్ రికార్డింగ్ అయినా సరే. ఆ బస్సు పాట మొదటి వెర్షన్‌కి ఆ అమ్మాయి ఒప్పుకుంటే దానితోనే మొదలుపెడదామని నా కోరిక. ఇంకా అడగలేదు, సెమిస్టర్ పరీక్షలు అయ్యాక అడుగుతాను. ఫెస్ట్ కమిటీ వాళ్ళకి కూడా ఒక మాట చెప్పాను. ఈసారి రూలు ఉంచుకోండి, కాకపోతే ఎంట్రీతో పాటు డెమో కూడా తీసుకుని రెండూ వినండి అని. వాళ్ళూ చూస్తామన్నారు.

మీ దగ్గర ఏమైనా ఉంటే ఈలోగా పంపండి. ఫ్యాన్ మోత, వార్డెన్ కేకలు, పక్క గదిలో క్రికెట్ కామెంటరీ, అన్నీ ఓకే. ఫైలు పేరులో 'ఫైనల్' అని ఉంటే మాత్రం వెనక్కి పంపిస్తాం.